ఒక్క ఫోన్, నలభై మంది పిల్లలు: క్లాసులో డిజిటల్‌గా ఏం చేయొచ్చు, ఎలా చేయాలి

మొన్న ఆదివారం ఒక కొత్త టీచర్ ఫోన్ చేసింది, ఈమధ్యే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. "అక్కా, మా క్లాసులో పెద్ద టీవీ లాంటి టచ్ ప్యానెల్ బిగించారు, యూట్యూబ్‌లో పాఠం పెడితే పిల్లలు కిక్కురుమనకుండా చూస్తారు, అయిపోయాక ఒక్క ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు విప్పరు, నేనేం తప్పు చేస్తున్నా?" అంది. గంటన్నర మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా, ఇదే ఇబ్బంది చాలామందికి ఉందని నాకు తెలుసు కాబట్టి. నేను చెప్పేది ఫిజికల్ సైన్స్, పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో, అందుకే ఉదాహరణలన్నీ ఎక్కువ అక్కడివే వస్తాయి, మీరు మీ సబ్జెక్ట్‌కి తగ్గట్టు మార్చుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది, దానికి ఫోనూ అక్కర్లేదు ప్యానెలూ అక్కర్లేదు. పాఠం మొదలుపెట్టే ముందు రోజు ఒక నోట్‌బుక్‌లో రెండు మూడు లైన్లు రాసుకోండి, ఈ పాఠంలో మా పిల్లలు ఎక్కడ ఆగిపోతారు అని. పోయినేడాది పేపర్లు దిద్దినప్పుడు అందరూ ఒకేలా తప్పు రాసిన ప్రశ్న గుర్తుండే ఉంటుంది కదా, అదే ఆ చోటు. డిజిటల్‌గా ఏది వాడినా ఆ ఒక్క చోటు కోసమే వాడండి. మిగతా పాఠానికి సుద్దముక్క, మీ గొంతు, బోర్డు చాలు, అవి బాగానే పనిచేస్తున్నాయి.

ఇది నాకు అర్థమైంది కరోనా టైమ్‌లో. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి, మన ఆంధ్రాలో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చేవి. చెప్పినవాళ్ళు చాలా బాగా చెప్పారు, నేనే కొన్ని చూసి నేర్చుకున్నా. కానీ పిల్లలకి ఫోన్ చేసి అడిగితే "చూశాం టీచర్" అనేవాళ్ళు, ఏం అర్థమైందిరా అంటే అటు నుంచి మౌనం. టీవీకి చెప్పడం వచ్చు, ఎదురుగా కూర్చున్న పిల్లాడి మొహం చూసి మళ్ళీ చెప్పడం రాదు. ప్యానెల్ మీద వీడియో పెట్టి మనం పక్కన కూర్చుంటే క్లాసు కూడా అలాగే అయిపోతుంది, ఆ అమ్మాయి క్లాసులో జరుగుతున్నది అదే.

సరే, ఒక పాఠం మొత్తం ఎలా చేస్తానో చూపిస్తా, పదో తరగతి విద్యుత్తు. ఇందులో పిల్లలు ఆగిపోయే చోటు ప్రతి ఏడూ ఒకటే. రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి కలిపితే మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది, రెండోదానికి తక్కువ మిగులుతుంది అనుకుంటారు. కాలవ నీళ్ళు పై పొలం వాళ్ళు వాడేసుకుంటే కింద పొలానికి తగ్గినట్టు అన్నమాట. చూసిందాన్ని బట్టే అనుకుంటారు పాపం, తప్పుపట్టడానికి లేదు. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా పోదు, పరీక్షలో "విద్యుత్ ప్రవాహం సమానం" అని రాస్తారు గానీ లోపల నమ్మరు.

దీనికి నేను వాడేది ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీద మనమే కదిపి చూసే బొమ్మ ప్రయోగం. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు చేస్తారు, ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, పూర్తిగా ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది. సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ అని ఉంటుంది. ముందు రోజు రాత్రి ఇంట్లో వైఫై ఉన్నప్పుడు సైట్‌లోకి వెళ్ళి ఆ సిమ్యులేషన్ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఒకే ఫైల్ వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్యానెల్‌లోనో లాప్‌టాప్‌లోనో బ్రౌజర్‌తో తెరిస్తే నెట్ లేకుండానే నడుస్తుంది. ఊళ్ళో సిగ్నల్‌ని నమ్ముకుని పాఠం పెట్టుకోవద్దు, ఇది నా గట్టి మాట.

క్లాసులో వెంటనే తెరవను. బోర్డు మీద ఒక బ్యాటరీ, రెండు బల్బులు గీసి మొదటి బల్బు ముందు, రెండు బల్బుల మధ్యలో, రెండో బల్బు తర్వాత చుక్కలు పెడతాను. ఏ చుక్క దగ్గర కరెంటు ఎక్కువ? మొదటి దగ్గర ఎక్కువ అనుకుంటే ఒక వేలు, చివరి దగ్గర ఎక్కువ అనుకుంటే రెండు వేళ్ళు, మూడు చోట్లా ఒకటే అనుకుంటే మూడు వేళ్ళు. చెయ్యి పైకెత్తొద్దు, గుండె దగ్గర ఆనించి పెట్టుకోండి అంటాను, పక్కవాడిది చూసి మార్చుకోకుండా. పోయినేడాది నలభై ఒక్క మందిలో ముప్పై దాకా ఒకే వేలు. ఎవరు ఏం అన్నారో బోర్డు మూల లెక్క రాసేశాను, ఎవరిది తప్పో చెప్పలేదు. అప్పుడు ప్యానెల్ ఆన్ చేశా.

ఒకే బల్బు పెట్టి చూపించాం ముందు. అందులో బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓంలు అని ముందే ఉంటుంది. కరెంటు కొలిచే అమ్మీటర్ పెడితే 0.90 ఆంపియర్. రెండో బల్బు శ్రేణిలో కలపగానే వైర్లలో ఎలక్ట్రాన్లలా కదిలే నీలం చుక్కలు నెమ్మదించాయి, రెండు బల్బుల వెలుగూ ఒకేలా తగ్గింది. వెనక బెంచీ నుంచి ఒక పాప వచ్చి తనే అమ్మీటర్ పట్టుకుని బోర్డు మీద మొదటి చుక్క ఉన్న చోట పెట్టింది, 0.45. మధ్యలో, 0.45. చివర పెట్టే ముందు ఆగి క్లాసు వైపు చూసింది, అందరూ ముందుకు వంగారు. 0.45. "మరి వాడుకున్న కరెంటు ఏది టీచర్?" అని ఒక పిల్లాడు అడిగాడు. ఆ ప్రశ్న కోసమే ఇదంతా. వాడుకున్నది కరెంటుని కాదురా, బ్యాటరీ ఇచ్చిన శక్తిని, అదే వెలుగుగా వేడిగా పోతోంది అని చెప్పడానికి అప్పుడు చోటు దొరుకుతుంది, అంతకుముందు చెప్తే గాలికి పోతుంది.

చాలామంది అడుగుతారు, నిజం బల్బులు ఉండగా ఈ బొమ్మ బల్బులు ఎందుకు అని. నిజం బల్బులు తప్పకుండా పెట్టండి, కానీ తర్వాత. షాపులో కొన్న టార్చి బల్బులు రెండూ అచ్చం ఒకేలా ఉండవు, శ్రేణిలో పెడితే ఒకటి ఎక్కువ వెలుగుతుంది ఒకటి తక్కువ, పిల్లాడు "చూశారా టీచర్, కరెంటు తగ్గింది" అంటాడు, మన పాఠం అడ్డం తిరుగుతుంది. సిమ్యులేషన్‌లో ముందు సంగతి తేల్చుకుని తర్వాత నిజం బల్బులు తెచ్చి, ఇప్పుడు ఈ రెండూ వేరేగా ఎందుకు వెలుగుతున్నాయి చెప్పండి అంటే అది మంచి ప్రశ్న అవుతుంది. వైరుతో బ్యాటరీ రెండు కొసలూ నేరుగా కలిపితే సిమ్యులేషన్‌లో మంటలు వస్తాయి, పిల్లలకి అది మహా ఇష్టం, ఒకసారి చేయనివ్వండి, షార్ట్ సర్క్యూట్ అంటే ఏంటో జన్మలో మర్చిపోరు.

లెక్కల వాళ్ళకి బొమ్మలు గీసి కదిపే జియోజీబ్రా యాప్ ఇలాగే పనికొస్తుంది, త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగుతుంటే కోణాల మొత్తం 180 దగ్గర కదలకుండా ఉండటం కళ్ళారా చూస్తారు. పద్ధతి మాత్రం అదే, ముందు ఊహ చెప్పించాలి, తర్వాత చూపించాలి.

ఇక ఎవరికి వచ్చింది ఎవరికి రాలేదు అన్నది తెలుసుకోవడం. నా దృష్టిలో ఫోన్‌కి క్లాసులో ఇంతకంటే మంచి పని లేదు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది టీచర్" అని నలభై గొంతులు ఒక్కసారే వస్తాయి, దానికి అర్థమేమీ లేదు. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది, పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు, టీచర్ ఫోన్ ఒక్కటి చాలు. సైట్ నుంచి కార్డులు ప్రింట్ తీసుకోవాలి, ఒక్కో కార్డు మీద నల్లగా ఒక్కో రకం గళ్ళ బొమ్మ, నాలుగు వైపులా చిన్న అక్షరాలతో ఏ, బీ, సీ, డీ అని ఉంటుంది. ప్రశ్నకి నాలుగు జవాబులు ఇస్తాం, పిల్లాడు తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. మీరు ఫోన్ కెమెరాతో క్లాసుని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి చూపిస్తే ఎవరు ఏం చెప్పారో స్క్రీన్ మీద పడిపోతుంది. ఎవరి బొమ్మ వాళ్ళదే కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పడం కుదరదు, తప్పు చెప్పినా పక్కవాళ్ళకి తెలీదు. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు దీంతోనే జవాబు చెప్పడం మొదలుపెట్టారు నా క్లాసులో.

కార్డుల గురించి కొన్ని జాగ్రత్తలు. మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి, మెరిసే లామినేషన్ మాత్రం చేయించొద్దు, కిటికీ వెలుగు పడి కెమెరాకి కనిపించవు, నేను మొదటిసారి మొత్తం సెట్టు అలా చేయించి మళ్ళీ తీయించాల్సి వచ్చింది. రెండోది, కార్డు నంబరు హాజరు పట్టీ నంబరు ఒకటే పెట్టండి, పంచడం తేలికవుతుంది. కార్డు పట్టుకునేటప్పుడు వేళ్ళు బొమ్మ మీద పడకూడదని మొదటి రోజే నేర్పించండి.

ప్రశ్నలు ఎన్ని? పీరియడ్‌కి రెండు, లేకపోతే మూడు. నిన్నటి పాఠం మీద ఒకటి, పోయిన వారానిది ఒకటి, ఈరోజుది ఒకటి. పాతది అడగడం ఎందుకంటే, చదివింది మళ్ళీ మళ్ళీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేస్తే ఎక్కువ రోజులు నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే బాగా చెప్పారు, వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుంటూ పరీక్ష రాసినవాళ్ళు ముందున్నారు. మన స్లిప్ టెస్టు గొప్పతనం అదే, కాకపోతే మార్కులు వేయకండి, మార్కులు వేస్తే భయం వస్తుంది, భయం వస్తే కాపీ వస్తుంది.

తప్పు చెప్పినవాళ్ళు ఎక్కువైతే ముందుకు వెళ్ళొద్దు. ఇది కష్టం, సిలబస్ తరుముతుంటుంది, హెచ్ఎం గారు ఎక్కడిదాకా అయిందని అడుగుతుంటారు. అయినా సరే, సగం మందికి పైగా తప్పు చెప్తే ఆ పీరియడ్‌లోనే ఇంకో దారిలో చెప్పాలి. ఆ ఫోన్ చేసిన అమ్మాయికి కూడా ఇదే చెప్పా, తెలుసుకుని ఏమీ మార్చకపోతే ఆ యాప్ వల్ల వచ్చిన లాభం ఏమీ లేదు.

వీడియోల సంగతి. పూర్తిగా మానేయమని నేననను, కొన్ని మనం చూపించలేం. గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం, రాకెట్ ఎగరడం. కానీ వీడియో ఎంత బాగున్నా ఆరు నిమిషాలు దాటనివ్వకండి. 2014లో ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల వీడియోలు లక్షల సార్లు చూసిన లెక్కలు తీస్తే జనం మనసుపెట్టి చూసేది ఆరు నిమిషాల దాకానే అని తేలింది, వాళ్ళు ఇష్టపడి చేరిన పెద్దవాళ్ళు. మన తొమ్మిదో తరగతి పిల్లలు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్న ఐదో పీరియడ్‌లో ఎంతసేపు చూస్తారో మీరే చెప్పండి. నేను చేసేది ఏంటంటే, మొదటిసారి సౌండ్ తీసేసి పెడతాను. ఏం జరుగుతోందో పిల్లలే చెప్పాలి. ఒకడు క్రికెట్ కామెంటరీలా మొదలుపెడతాడు, ఇంకొకడు కాదురా అంటాడు, అక్కడ ఆపి ఎందుకు కాదు అని అడుగుతాను. రెండోసారి సౌండ్‌తో. అప్పుడు వాళ్ళు వినేది తాము అన్నది కరెక్టేనా అని చూసుకోవడానికి, కాబట్టి వింటారు.

ఏ వీడియో పెట్టాలో వెతకడానికి గంటలు పోగొట్టుకోకుండా ముందు పుస్తకంలో క్యూఆర్ కోడ్ చూడండి. ఆ కోడ్‌ని చదివేది ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షా, అది 2017 సెప్టెంబర్ 5న మొదలైంది, మన వెంకయ్య నాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉండి ప్రారంభించారు. పాఠం పక్కనున్న కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి, కాగితం నలిగి స్కాన్ అవ్వకపోతే కోడ్ కింద ఆరు అక్షరాలు ఉంటాయి, అవి టైప్ చేసినా చాలు. ముందు రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. అన్నీ బాగుంటాయని చెప్పను, కొన్ని వీడియోలు పుస్తకాన్నే చదివి వినిపిస్తాయి, అలాంటివి వదిలేయండి. పూర్తిగా చూడకుండా మాత్రం ఏదీ క్లాసులో పెట్టకండి.

వేరేవాళ్ళ వీడియో కంటే పిల్లలు తీసిన వీడియోకి విలువ ఎక్కువ. బల్ల అంచున రెండు రూపాయి బిళ్ళలు పెట్టి, ఒకదాన్ని ఊరికే కిందకి జారవిడిచి, రెండోదాన్ని అదే క్షణంలో అడ్డంగా ఎగిరేలా కొట్టి, ఏది ముందు పడుతుంది అని అడగండి. ఎగిరింది దూరం పోతుంది కాబట్టి ఆలస్యంగా పడుతుందంటారు. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపిస్తే రెండూ ఒకేసారి నేలని తాకడం కనిపిస్తుంది, చెవితో వింటే కూడా ఒకే టక్కు. టీవీ రిమోట్ నొక్కుతూ దాని ముందు బల్బుని ఫోన్ కెమెరాలో చూడమనండి, కంటికి కనపడని పరారుణ కాంతి స్క్రీన్ మీద ఊదాగానో తెల్లగానో మెరుస్తుంది, వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. మొలకెత్తే పెసలని రోజుకి మూడుసార్లు ఒకే చోట నిలబడి ఫోటో తీసి వరసగా తిప్పి చూపిస్తే చిన్న తరగతి వాళ్ళకి పండగే. ఫోన్ ఎక్కడ పెట్టాలో నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి.

బోర్డు కనపడని పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు, చెప్పుకోరు. మా క్లాసులో ఒక బాబు నోట్సు పక్కవాడిది చూసి రాస్తుంటే బద్ధకం అనుకున్నా చాలా రోజులు. బోర్డు ఫోటో తీసి ఫోన్‌లో పెద్దది చేసి చేతికిస్తే గబగబా రాసేశాడు, అప్పుడు తెలిసింది. వాళ్ళ నాన్నకి చెప్పి కళ్ళ పరీక్ష చేయించాం, అద్దాలు వచ్చాయి. ఇలాంటి పిల్లలకి పాఠాన్ని ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించే సౌకర్యం కూడా ఉంది, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి.

చదవడం సరిగ్గా రాని పిల్లల కోసం గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ యాప్ నాకు బాగా పనికొచ్చింది. పిల్లాడు పైకి చదువుతుంటే వింటుంది, తప్పు చదివిన మాట దగ్గర ఆగి సాయం చేస్తుంది, తెలుగు కథలూ ఉన్నాయి, కథలు ముందే దించుకుంటే నెట్ అక్కర్లేదు. హైస్కూల్‌కి వచ్చినా ఒత్తులు తడబడే పిల్లలు నలుగురి ముందు చదవడానికి సిగ్గుపడతారు, ఫోన్ ముందు పడరు. రోజూ భోజనం బెల్లు తర్వాత పదేసి నిమిషాలు నా ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి, మధ్యలో మెసేజీలు రాకుండా.

ఇంటి దగ్గర సంగతికి వద్దాం. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వేలో 2024లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని అడిగితే 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు, వాళ్ళలో గత వారంలో చదువుకి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. అంటే ఫోన్ చేతికి అందుతోంది. కానీ చాలా ఇళ్ళల్లో ఉన్నది ఒకటే, అది నాన్నతో పాటు పనికి వెళ్ళి రాత్రి ఏడు తర్వాత ఇంటికి వస్తుంది, అది కూడా ముందు అన్న చేతికి, ఆ తర్వాతే చెల్లికి. అందుకే ఆన్‌లైన్ హోంవర్క్ అదే రోజు రాత్రికి పంపాలని ఎప్పుడూ పెట్టను, రెండు మూడు రోజుల టైమ్ ఇస్తా, ఫోన్ లేని పిల్లలకి అదే పని కాగితం మీద ఇస్తా. మార్కులు రెండిటికీ ఒకటే.

వాట్సాప్ గ్రూపు పెట్టేటప్పుడు మెసేజీలు అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్ చేయండి, లేకపోతే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య మన హోంవర్క్ కొట్టుకుపోతుంది. పిల్లల గ్రూపు వేరే, తల్లిదండ్రుల గ్రూపు వేరే. తల్లిదండ్రులకి టైప్ చేసి పంపకండి, గొంతుతో పంపండి, నలభై సెకన్లు మించకుండా. చదువు రాని అమ్మలు చాలామంది ఉంటారు, మెసేజ్ వస్తే పిల్లాడినే చదవమంటారు, వాడికి నచ్చింది చదువుతాడు. నేను వాయిస్ పంపడం మొదలుపెట్టాక మొదటిసారి ఒక తల్లి తిరిగి పంపింది, వెనకాల మిరపకాయలు కోస్తున్న చప్పుడు, మనుషుల మాటలు, "టీచరమ్మా, మా పిల్ల లెక్కలు చేస్తందా, మీరు చెప్పింది ఇన్నానమ్మా, రాత్రికి కూకోబెడతా" అని. నాలుగేళ్ళలో ఆమె ఒక్క మీటింగ్‌కీ రాలేదు, కూలి పోతుందని. ఆ తర్వాత నెలకి రెండుసార్లు మాట్లాడుకునేవాళ్ళం ఇలాగే. బాగా చేసినప్పుడు కూడా పంపండి దయచేసి, ఫిర్యాదులకే ఫోన్ చేస్తే మన నంబరు చూసి ఎత్తడం మానేస్తారు.

తెలుగు టైపింగ్ దగ్గర చాలామంది టీచర్లు ఇరుక్కుంటారు. పాత ప్రశ్నపత్రాలన్నీ అను ఫాంట్లలో ఉంటాయి, అవి డీటీపీకి సరే, గూగుల్ ఫామ్‌లోకో వాట్సాప్‌లోకో కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కొత్తగా ఏది తయారు చేసినా యూనికోడ్‌లోనే చేయండి, ఏ ఫోన్‌లో అయినా కనిపిస్తుంది. టైప్ చేయడం కష్టమైతే కీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడండి, చాలావరకు సరిగ్గానే పడుతుంది, ఒత్తులూ అంకెలూ మాత్రం సరిచూసుకోండి. పాత పేపర్ ప్రింటు ఉంటే ఫోటో తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చుకోవచ్చు. నాలుగేళ్ళ పేపర్లు నేను అలాగే ఒక చోట చేర్చుకున్నా, ఒక వేసవి సెలవులు పట్టింది, ఇప్పుడు ఏ పాఠం ప్రశ్నలు కావాలన్నా నిమిషంలో దొరుకుతాయి.

ఈమధ్య అందరూ చాట్‌జీపీటీ, జెమినై లాంటివాటితో ప్రశ్నలు తయారు చేయిస్తున్నారు. నేనూ వాడతాను, టైమ్ మిగులుతుంది. అయితే తెలుగులో సైన్స్ అడిగినప్పుడు మాటల దగ్గర కళ్ళు పెట్టి చూడండి. మన పుస్తకంలో బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం వేరు. వాట్లలో కొలిచేది సామర్థ్యం, జౌళ్ళలో కొలిచేది శక్తి. చాట్‌జీపీటీ లాంటివి సామర్థ్యం ఉండాల్సిన చోట శక్తి అని రాసేస్తాయి, వాక్యం చదవడానికి బాగానే ఉంటుంది, పిల్లాడికి పరీక్షలో మార్కు పోతుంది. జీవశాస్త్రంలో కణం వేరు, భౌతికశాస్త్రంలో కణం వేరు, అక్కడా కలగాపులగం అవుతుంది. అందుకే అడిగేటప్పుడు పాఠంలో పదాల పట్టిక మీరే ఇచ్చి ఇవే వాడు అని చెప్పండి, ఇప్పుడు పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీష్, ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది కాబట్టి ఆ పట్టిక తయారు చేయడం పది నిమిషాల పని. లెక్క ఉన్న ప్రతి జవాబూ మీరు చేసి చూసుకోండి. నేను మంచి ఉపయోగం అనుకునేది ఒకటుంది, తప్పు జవాబులు తయారు చేయించడం. ఈ ప్రశ్నకి పిల్లలు ఏ పొరపాటు వల్ల ఏ తప్పు జవాబు రాస్తారో నాలుగు ఇవ్వు అని అడిగితే ప్లికర్స్ ఆప్షన్లకి ముడిసరుకు దొరుకుతుంది, అందులోంచి మన పిల్లలు నిజంగా చేసే తప్పుని ఏరుకోవాలి. ఆ ఏరడం మన పనే, మన పిల్లలు దానికి తెలీదు కదా.

పిల్లల ఫోటోల గురించి ఖచ్చితంగా ఉండండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, తక్కువ మార్కులొచ్చిన పిల్లల పేర్లు గ్రూపులో పెట్టడం, బోర్డు ముందు తడబడుతున్న పాప వీడియో స్టేటస్‌లో పెట్టడం చేయకూడదు, ఆ పాప ఇంటికెళ్ళే దారిలో ఎన్ని మాటలు పడుతుందో మనకి తెలీదు. ఆడపిల్లల నంబర్లు గ్రూపులో అందరికీ కనపడతాయి, కాబట్టి పిల్లల గ్రూపులో కూడా అమ్మదో నాన్నదో నంబరు పెట్టండి. క్లాసు వీడియో తీస్తే చేతులు, ప్రయోగం, నోట్‌బుక్ తీయండి, మొహాలు అక్కర్లేదు.

మొదలుపెట్టేవాళ్ళు ఇవన్నీ ఒకేసారి ఎత్తుకోవద్దు. మొదటి నెల ప్రతి పీరియడ్‌లో వేళ్ళు చూపించే ప్రశ్న ఒకటి, అంతే, ఏ యాప్ వద్దు. రెండో నెల వారానికి ఒక సిమ్యులేషన్ లేదా చిన్న వీడియో. కార్డులు మూడో నెల. తల్లిదండ్రులకి వాయిస్ మాత్రం మొదటి వారం నుంచే.

సామాన్లు కూడా చెప్పేస్తా. ఒక పెన్‌డ్రైవ్, దాంట్లో పాఠానికో ఫోల్డర్, ఫోల్డర్ పేరు ముందు పాఠం నంబరు. దాన్ని ఫోన్‌కి కూడా పెట్టుకోవడానికి ఓటీజీ ముక్క. ఫోన్ తెరని ప్యానెల్ మీద చూపించడానికి మీ ఫోన్‌కి సరిపోయే హెచ్‌డీఎంఐ కేబుల్, కొన్ని ఫోన్లకి పనిచేయదు, కాబట్టి కొనే ముందు షాపులోనే పెట్టి చూడండి. చిన్న స్పీకర్, ప్యానెల్ గొంతు ఫ్యాన్ల చప్పుడులో వెనక బెంచీకి వినపడదు. చార్జర్, పవర్ బ్యాంక్. ప్యానెల్ పొద్దున్నే బెల్లుకి ముందు ఒకసారి ఆన్ చేసి చూసుకోండి, అప్‌డేట్ అడుగుతుందో, టచ్ పనిచేస్తుందో అప్పుడే తేలిపోతుంది, పీరియడ్‌లో పది నిమిషాలు అక్కడ పోతే పిల్లల్ని మళ్ళీ పాఠంలోకి తేవడం కష్టం. ఇంకా సంచిలో రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, కొంచెం వైరు, ఒక సుద్దముక్కల డబ్బా ఉంచుకోండి. మా ఊళ్ళో వానాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోతుంటుంది, ఆ రోజు కూడా వేళ్ళతో జవాబులు చెప్పించి, బల్బులు వెలిగించి అదే పాఠం చెప్తాం.